పడవ మనది... కాపలా ఎవరిది?

పడవ ఎక్కడుంటుంది? ఏట్లోనో, చెరువులోనో, సముద్రపుటొడ్డునో అంటాం మనం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మాత్రం చాలా పడవలు ఏడాదిలో ఎక్కువ రోజులు రెండు చక్రాల ట్రైలరెక్కి నేలమీదే కూర్చుంటాయి. అలాగని నీళ్లకేం కరవు లేదు. పదెకరాలూ అంతకుమించి విస్తీర్ణమున్న సరస్సులే అక్కడ 11,842. వాటర్ స్కీయింగ్ పుట్టింది కూడా 1922లో ఆ రాష్ట్రపు అంచునున్న పెపిన్ సరస్సు మీదే. కాకపోతే చలికాలం వచ్చిందంటే ఆ నీళ్లన్నీ గడ్డకట్టుకుపోతాయి. మళ్లీ వసంతం వచ్చేదాకా పడవను ఎక్కడ దాచాలి, ఎలా కాపాడుకోవాలి అన్నది పడవ కొనడంకన్నా పెద్ద పని!

మిన్నియాపోలిస్ శివార్లలో ఉండే మూడు తెలుగు కుటుంబాలకి ఆ సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ ఇళ్ల మగవాళ్లు ముగ్గురూ ఒకే కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు. పిల్లల సరదా కోసం సమంగా డబ్బులేసుకుని, పద్దెనిమిది అడుగుల పాత మోటారు పడవ కొన్నారు. ఆ వేసవంతా ప్రతి ఆదివారం పులిహోర డబ్బాలతో సరస్సు మీదే గడిచింది.

చిక్కంతా ఒడ్డుకొచ్చాకే. అక్కడి కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘాల నిబంధనలు గట్టిగా ఉంటాయి. ఇంటిముందు పడవ కనిపిస్తే నోటీసు వచ్చేస్తుంది. పోనీ గరాజ్‌లో పెడదామంటే ట్రైలరుతో కలిపి పట్టదు. దాంతో నలభై నిమిషాల దూరంలో ఓ ఖాళీ స్థలాన్ని అద్దెకు తీసుకున్నారు. చుట్టూ ఇనుప కంచె, గేటుకి నంబరు తాళం, స్తంభాల మీద కెమెరాలు. ఇంకేం కావాలి అనుకున్నారు.

ముగ్గురిలో ఒకాయన తండ్రి ఆ వేసవిలోనే కొడుకు దగ్గరికి వచ్చారు. భీమిలి దగ్గరి మత్స్యకార పల్లె ఆయనది. నలభై ఏళ్లు సముద్రమ్మీద వేటాడిన మనిషి. ఆ స్థలం చూసి ఆయనకి మనసొప్పలేదు.

‘‘పడవనిలా ఒగ్గేసి ఇంటికెళ్తే నిద్దరెలా పడతాదిరా?’’

‘‘కెమెరాలున్నాయి నాన్నా.’’

‘‘పడవని కెమెరా చూస్తాది. మరి కెమెరాని ఎవులు చూస్తారు?’’

వాళ్ల ఊళ్లో వేట ముగిశాక పడవను ఇసకలోకి లాగేస్తారు. ఇంజను విప్పి, కర్రకి కట్టి, ఇద్దరు భుజాలమీద మోసుకుని ఇంటికి తెచ్చేస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు వేట నిషేధం. అప్పుడు కూడా ఇంటికొకరు పొద్దున్నే ఒడ్డుకెళ్లి తమ పడవను చూసుకునే వస్తారు. తుపాను కబురొస్తే ఊరంతా కలిసి ఇంకా పైకి లాగుతుంది. ఎవరి పడవ ఏదో పిల్లలక్కూడా తెలుసు. కంచె లేకపోయినా కళ్లున్నాయి. పెద్దాయన చెప్పిందదే. కొడుకు నవ్వి ఊరుకున్నాడు.

అక్టోబరు వచ్చింది. ఒకరికి ఆఫీసులో పని ఒత్తిడి, ఒకరు ఇండియా ప్రయాణంలో ఉన్నారు, మరొకరి ఇంట్లో పసిబిడ్డ. ఇంజిన్‌లో నీళ్లు తీయించే పని రెండోవాడు చూసుకున్నాడని మొదటివాడు, మూడోవాడు చూసుకున్నాడని రెండోవాడు అనుకున్నారు. ఏప్రిల్‌లో వెళ్లి కవరు విప్పితే ఏముంది? నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ దెబ్బకి ఇంజిన్ బ్లాకు నిలువునా చీలిపోయింది. సీట్ల కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. మంచు బరువుకి కవరు చిరిగి, పడవ అడుగున నీళ్లు నిలిచాయి. దొంగ రాలేదు. తాళం చెక్కుచెదరలేదు. పడవ మాత్రం పోయినట్టే అయింది.

బీమా ఉందికదా అంటే, వాళ్ల పాలసీలో గడ్డకట్టడంవల్ల జరిగే నష్టానికి పరిహారం లేదు. అద్దె ఒప్పందంలోనేమో ‘పూచీ యజమానిదే’ అని ముందే రాసుంది. ఇక మిగిలింది ఒకరినొకరు అనుకోవడమే. ‘నువ్వు చేస్తానన్నావు’, ‘నేనెప్పుడన్నాను?’ అంటూ మాట పెరిగింది. రెండు నెలలు ఒకరింటికొకరు వెళ్లలేదు. ఓ పిల్లాడి పుట్టినరోజుకి మిగతా రెండిళ్లవాళ్లూ రాలేదు. పద్దెనిమిదేళ్ల స్నేహం అది. ఇంజిన్ కొత్తది దొరుకుతుంది, మరి స్నేహమో?

ఆఖరికి కదిలింది ఆడవాళ్లే. ముగ్గుర్నీ కూర్చోబెట్టి అందులో ఒకావిడ అంది... ‘‘పదిమంది చేతిలో పాము చావదంటారు. మీ ముగ్గురి చేతిలో పడవ చచ్చింది!’’ అందరూ నవ్వేశారు. ఖర్చు మూడు వాటాలేసుకున్నారు. ఒక్క షరతు... ఏడాదికి ఒక్కరే కాపు. ఆ ఏడాది తాళంచెవులూ, కాగితాలూ, మంచీచెడూ అన్నీ ఆ ఇంటివే. నెలకోసారి వెళ్లి, చూసి, ఓ నోటుపుస్తకంలో రాయాలి.

ఆ పుస్తకంలో ఇప్పుడు చాలా సంగతులే చేరాయి. ట్రైలరును కారుకి తగిలించే కప్లరుకి తాళం వేయాలి. చక్రానికి వేరే తాళం. లేకపోతే ఎవరైనా ట్రక్కు తెచ్చి, తగిలించుకుని, నిమిషాల్లో లాక్కుపోవచ్చు. ట్రైలరు మూతి గోడవైపు ఉండేలా నిలిపితే ఆ పని ఇంకా కష్టం. చేపల జాడ చూపే పరికరంలాంటివి విప్పి ఇంటికి తెచ్చేసుకోవాలి. పడవ వెనకభాగంలో కుడివైపు పన్నెండు అక్షరాలూ అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్నీ, ట్రైలరు నంబరునీ ఫొటో తీసి ఇంట్లో ఉంచుకోవాలి. పోతే పోలీసులు మొదట అడిగేది దాన్నే.

చలికాలం జాగ్రత్తలకి మరో పేజీ. ఇంజిన్లో నీళ్లు తీసేసి, గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి ఇంటికి తీసుకురావాలి. అడుగున బిరడా తీసేసి, పడవ ముందుభాగాన్ని కాస్త ఎత్తులో ఉంచితే కరిగిన మంచు వెనకనుంచి కారిపోతుంది. ఆ రాష్ట్రంలో పడవను రోడ్డుమీద తీసుకెళ్లేటప్పుడు ఎలాగూ బిరడా తీసే ఉంచాలి. జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలు ఒక సరస్సు నీళ్లతో మరో సరస్సులోకి పాకిపోకుండా పెట్టిన చట్టమది.

అన్నట్టు, తాళాలు దొంగను ఆపవు, ఆలస్యం చేస్తాయి అంతే. కెమెరా కూడా జరిగినదాన్ని చూపిస్తుందే తప్ప చెయ్యి అడ్డుపెట్టదు. మంచుకీ ఎలుకకీ అయితే ఈ రెండింటితోనూ పనిలేదు. దూరంగా ఉన్న వస్తువుని కాపాడేది ‘అది నా బాధ్యత’ అనుకునే ఒక్క మనిషే. పడవేకాదు... ఊళ్లో అన్నదమ్ములు కలిపి వదిలేసిన ఇల్లయినా, అందరిదీ అనుకునే పొలమైనా అంతే. వాటాలు ఎన్నయినా ఉండొచ్చు. తాళంచెవి మాత్రం ఒకరి చేతిలోనే ఉండాలి, ఆ ఒకరెవరో అందరికీ తెలిసుండాలి.