కోజిమా – నీలిగుడ్డ పుట్టిల్లు

జపాను దేశమునకు బోవు మనవారు టోకియో, క్యోటో నగరములను జూచి తృప్తిపడి మరలివచ్చుచుందురు. ఒకాయామా మండలమున సముద్రపుటొడ్డున నున్న కోజిమా పేరు వినినవారే యరుదు. మన యిండ్లలో పిల్లలును, ఇప్పుడు తల్లులును గూడ ధరించుచున్న జీన్సు గుడ్డ సంగతి తెలిసికొనగోరు సోదరీమణులు తప్పక చూడదగిన యూరది. 2023వ సంవత్సరము శరదృతువున మేమును మా వదినగారును అచటికి బోయితిమి. వదినగారి కుమారుడు ఒసాకాలో నుద్యోగము చేయుచున్నాడు. దుబాసీగా అతడు వెంట వచ్చెను.

ఒసాకానుండి వేగపు రైలులో ముప్పాతిక గంటకు ఒకాయామా చేరి, అచట వేఱొక బండి యెక్కితిమి. అర్ధగంటలోపలనే కోజిమా వచ్చెను. ఆ బండి కోజిమా విడిచినపిమ్మట సముద్రముమీది మహాసేతువు నెక్కి షికోకు ద్వీపమునకు బోవును. ఆ సేతువు 1988లో తెరువబడినది. స్టేషనులో దిగుటతోడనే మెట్లమీదను, టిక్కెట్టు ద్వారములమీదను జీన్సు లాగుల బొమ్మలు కానవచ్చినవి.

ఊరిపేరు వ్రాయు లిపిలో మొదటి యక్షరమునకు బిడ్డ యనియు, రెండవదానికి దీవి యనియు నర్థమట. పూర్వమది నిజముగా దీవియే. నడుమనున్న సముద్రమును పూడ్చి కాలక్రమమున నేలతో గలిపిరి. సముద్రమునుండి తీసిన నేల ఉప్పునేల గదా! వరి సరిగా పండలేదు. ఉప్పు నోర్చునది ప్రత్తి. కనుక ప్రత్తి వేసిరి. వేసినదానిని వడికిరి, నేసిరి, కుట్టిరి. మొదట కత్తుల పిడులకును పెట్టెలకును గట్టు గట్టి నేతత్రాళ్లు, తరువాత బొటనవ్రేలు వేఱుగా నుండు మేజోళ్లు, అటుపిమ్మట బడిపిల్లల దుస్తులు ఈ యూరినుండి దేశమంతటికిని బోయినవి. మందపుగుడ్డ కుట్టనేర్చిన చేతులును, దానికి దగిన మిషనులును ఉన్న తావు గనుకనే 1965లో జపానులో జీన్సు కుట్టుట యిచటనే మొదలైనది. అప్పటికి గుడ్డ అమెరికానుండి రావలసియుండెను. 1970ల తొలి వత్సరములలో గుడ్డయు స్వదేశముననే నేయసాగిరి. వరి పండని నేల యొక యూరి నింతటిదానిని జేసినది!

ఉప్పు వర్తకమున ధనవంతులైన నొజాకీవారి పాత యిల్లొకటి యచట నున్నది. విశాలమైన లోగిలి, తెల్లని గోడల కొట్లు గలవు. చూచుటకు గంటకాలము చాలును. మా మనసు మాత్రము దాని దాపుననున్న జీన్సు వీథిమీదనే యుండెను.

ఆ వీథిలో ఇటునుండి యటు త్రాళ్లు గట్టి తలలమీద జీన్సు లాగుల నాఱవైచినట్లు వ్రేలాడదీసినారు. గాలికవి కాళ్లాడించుచుండును. మన చాకిరేవు జ్ఞప్తికి వచ్చెను. అంగళ్లలో ఒక్కొక్క లాగు వెల ఇరువదివేల యెన్నులకు పైబడియున్నది. "ఈ వెలకు మంచి నేతచీర రాదా, అమ్మాయీ?" యని వదినగారు మెల్లగా ననిరి. అట్టి వెలయేల యని యడుగగా అంగడివారు గుడ్డ యంచును త్రిప్పి చూపిరి. నాడె అటునిటు పరుగెత్తు పాతకాలపు మగ్గముమీద నేసిన గుడ్డకు తెగని నిండు అంచుండును. అట్టి మగ్గము మెల్లగా నేయును. పన్నా కూడ సన్నము. చేనేత చీర యంచు నెఱిగిన మనకిది వేఱుగా జెప్పనక్కఱలేదు.

జీన్సు గుడ్డలో పడుగు దారమొక్కటే నీలిది, పేక తెల్లనిది. అందుచేతనే లోపలివైపు తెల్లగా నుండును. ఆ పడుగు దారమునైనను త్రాళ్లవలె కట్టలు గట్టి నీలిరంగులో పలుమాఱులు ముంచి, ఎత్తి, గాలికి పట్టుదురు. రంగు పైపొరకే పట్టి దారము నడుమ తెల్లగా మిగులును. తొడుగగా తొడుగగా పైనీలి యరిగి లోని తెలుపు బయటపడును. మోకాళ్లు, తొడలు, జేబుల యంచులు ఎక్కడ నెక్కుడు రాపిడి పొందునో అక్కడ నెక్కుడు వెలియును. కనుక ఏ యిద్దఱి జీన్సును ఒక్కతీరున వెలియవు.

నీలి మాటవచ్చినది గనుక ఒక్క సంగతి. పందొమ్మిదవ శతాబ్దమున మన కడప సీమ నీలిమందుకు పేరొందిన తావు; మదరాసు రేవునుండి ఓడల కెక్కెడిది. 1897లో జర్మనులు రసాయనపు నీలిని బజారులో పెట్టినపిమ్మట ఆ సేద్యము క్షీణించెను. కోజిమా యంగళ్లలో చెట్టునీలి యద్దిన లాగులకు వేఱు వరుస, వేఱు వెల. వాటియెదుట నిలుచుండగా మాకు కడప పొలములు తలపునకు రాక మానలేదు.

వీథి కొనకు వచ్చినపిమ్మట వదినగారు తమ సంచినుండి యొక పొట్లము దీసిరి. అందు మా అన్నగారి జీన్సు లాగున్నది. 2011లో కొన్నది, మోటారు సైకిలుమీద పనికి బోవునప్పుడెల్ల అదియే తొడిగెడివారు. 2018లో వారు గతించిరి. చొక్కాలు, ధోవతులు ఎవరెవరికో యిచ్చివేసిరి గాని, దీనిని ఇయ్యలేదు. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చు స్త్రీ వాకిట కేకవేసినప్పుడు రెండుమాఱులు బయటకు దెచ్చి, రెండుమాఱులును లోనికి గొనిపోయిరట. చిరుగులు గల లాగును తొడుగువారు లేరు. పారవేయుటకు చేతులు రావు. దీనిని తెచ్చినట్లు తల్లి యచట విప్పువఱకును మా మేనల్లు డెఱుగడు. మాకును తెలియదు.

ఆ వీథిలోనే చిరుగులు బాగుచేయు నంగడి యొకటి కలదు. అందున్న ముదుసలి స్త్రీకి ఆ లాగు చూపి సంచి కుట్టవలయునన్న కోరికను మేనల్లుడు తెలియజెప్పెను. ఆమె కూలి యడుగలేదు, కుట్టుదుననియు ననలేదు. గుడ్డను కిటికీ వెలుతురున కెత్తి పట్టి, వ్రేళ్లతో నలిపి, సుద్దముక్కతో గీతలు గీయసాగెను. వెలుతురు చొచ్చివచ్చు తావు పనికిరాదు: మోకాళ్లు, కాళ్ల నడిమి భాగము, పిఱుదుల క్రింది మడత. వెలుతురు రాని తావు దృఢమైనది: మోకాలి క్రిందినుండి యంచువఱకు గల పిక్కల భాగము, నడుముపట్టీ, వెనుక జేబులు. వదినగారామె చేతినే చూచుచుండి, "మా అమ్మ బొంతకు చీర లేరునప్పు డిట్లే పట్టి చూచెడిది" అనిరి. మేనల్లుడు జపాను భాషలో జెప్పగా ఆమె నవ్వి తలయూచెను. ఆ దేశపు ఉత్తర మండలములలో పూర్వము బీదలు నీలిగుడ్డ పీలికలను పొరలుపొరలుగా పేర్చి తెల్లదారముతో దూరుకుట్లు వేసి కప్పుకొనెడివారు. మన బొంతకది తోబుట్టువే.

ఇంటికి వచ్చినపిమ్మట నెలదినములకు గాని వదినగారు కత్తెర పట్టలేదు. పట్టినపిమ్మట పని రెండు మధ్యాహ్నములలో ముగిసినది. కుట్టదలచువారికై వివరము వ్రాయుచున్నాము. సాగు దారము కలిసిన జీన్సు సంచికి తగదు, బరువుకు జాఱును. కాళ్ల లోపలివైపు కుట్టు వెంబడి చీల్చి, మోకాలి క్రింది భాగములు రెంటిని పఱచినచో ఒక్కొక్కటి సుమారు పదునేడంగుళముల వెడల్పు, పదునాలుగంగుళముల పొడవు వచ్చును. అవియే సంచి రెండు ముఖములు. ప్రక్కలును అడుగును గలిపి కుట్టి, అడుగు మూలలను త్రికోణముగా నొక్కి, రెండంగుళముల మేర అడ్డముగా కుట్టవలయును. అప్పుడు సంచి కూర్చుండును. నడుముపట్టీ రెండు పొరలుగా నున్నది గనుక గుండీ భాగము తీసివేసి నడిమికి కోసినచో పిడులు రెండును సిద్ధమే. లోపల పాత నూలుచీర గుడ్డ వేయవలెను.

సూది పదునాఱు గాని పదునెనిమిది గాని నెంబరుది యుండవలయును. మామూలు సన్నసూది విఱుగును. కుట్టు పొడుగుగా నుంచవలెను. పొరలు కలిసిన దిబ్బలను చెక్కసుత్తితో కొట్టి యణచి, ఫుట్టు వెనుక మడిచిన గుడ్డముక్క పెట్టి సమముచేసి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పవలెను. జేబుల మూలలనున్న రాగి మేకుల దరికి సూదిని బోనీయరాదు. ఆ మేకులు 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అను దర్జీయు, లెవీ స్ట్రాస్ అను వర్తకుడును గలిసి పేటెంటు పొందినవి. చిరుగకుండుటకై వేసినవవి; మన సూదికి మాత్రము శత్రువులు.

సంచి ముఖమున నతుకుటకు వెనుక జేబొకదానిని వదినగారు బ్లేడుతో కుట్టు విప్పి యూడదీసిరి. జేబు క్రింద నెండయు రాపిడియు తగులని గుడ్డ బయటపడినది. చుట్టునంతయు వెలిసి బూడిదవన్నె యైయుండగా, అది మాత్రము అంగడినుండి తెచ్చిననాటి ముదురు నీలివన్నెతో జేబు ఆకారముగనే నిలిచియుండెను. వదినగారు కొంతసేపు దానిమీద నఱచేయి యుంచి యూరకుండిరి. తరువాత ఆ భాగమును నాలుగువైపుల అరయంగుళము విడిచి కత్తిరించి, యంచులు మడిచి, సంచి లోపలివైపున తాళపుచెవులు పెట్టుకొనుటకు కుట్టుకొనిరి.