కార్ల కొట్టంలో కాపురం

గరాజ్ తలుపు ఎత్తగానే నేలలో కోసిన కందకం కనిపించింది. అడుగున్నర వెడల్పు, దాదాపు అంతే లోతు. నాలుగంగుళాల కాంక్రీటు పలకని నీళ్లు చల్లుతూ రంపంతో కోశారట, అంచులు నున్నగా ఉన్నాయి. కింద మట్టి నల్లగా, జిగటగా ఉంది. బూటుకి అంటుకుంటే ఓ పట్టాన వదల్లేదు.

"మన తెనాలి రేగడేనోయ్ ఇది, ఇక్కడిదాకా వెంటబడి వచ్చింది" అన్నాడు బావ.

ఆ మాటలో ఎగతాళి కన్నా నిజమే ఎక్కువ. ఫ్రీమాంట్ చుట్టుపక్కల చాలాచోట్ల ఇదే బంకమన్ను. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పాతకాలపు మట్టి పైపులు వేసిన ఇళ్లలో అతుకులు కదిలిపోయి, చెట్ల వేళ్లు లోపలికి దూరడానికి సగం కారణం ఈ నేల స్వభావమే.

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున, 1956లో అయిదు చిన్న ఊళ్లు కలిసి ఏర్పడ్డ నగరం ఫ్రీమాంట్. ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా ఏదో ఒక గుమ్మం ముందు ముగ్గు కనిపిస్తుంది. మా మేనల్లుడు కొన్నది 1960ల నాటి ఇల్లు. పడకగదులన్నీ పైన. మా అక్క మోకాళ్లకి ఆ మెట్లు పడవు. అందుకని రెండు కార్ల గరాజ్‌ని గది, స్నానాలగది, చిన్న వంటగట్టు ఉన్న వాటాగా మారుస్తున్నారు. కాలిఫోర్నియాలో ఇళ్ల కొరత వల్ల 2017 నుంచి ఇలాంటి చిన్న వాటాలకి నిబంధనలు సడలిస్తూ వచ్చారు. గరాజ్‌ని వాటాగా మార్చినప్పుడు పోయిన పార్కింగ్‌కి బదులు చూపించమని నగరం అడక్కూడదని 2020 నుంచి చట్టమే చెబుతోంది. అన్నీ సరిగ్గా ఉన్న దరఖాస్తు అందాక 60 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి కూడా.

నేను చూద్దామని వెళ్లింది మాత్రం చట్టాన్ని కాదు, పైపుల్ని. నేల కింద పని ముగిసి, మళ్లీ కాంక్రీటు పోసేలోపు ఉండే ఆ కొద్ది రోజుల్లోనే ఒక ఇంటి కడుపులో ఏముందో కంటితో చూడగలం.

మొదట గీయించిన ప్లానులో స్నానాలగది అవతలి మూలన ఉందట. అక్కడైతే కిటికీ పెట్టొచ్చు, మంచం ఇటువైపు విశాలంగా పడుతుంది. కాగితం మీద చూడముచ్చటగానే ఉంది. ప్లంబరు వచ్చి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ముందు ఇంటి మురుగు పైపు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో చూడాలన్నాడు. పెరటి పక్కనున్న మూత తీసి, తీగ చివర కెమెరా లోపలికి పంపాడు. ఇంటి మురుగంతా గరాజ్ ఇవతలి గోడకి బయట, నేలలో నుంచి వీధిలోకి పోతోంది. గరాజ్ నేల మట్టం నుంచి ఆ పైపు అడుగుభాగం 18 అంగుళాలే కింద.

ఇక మిగిలింది లెక్క. మురుగు పైపుకి అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. అవతలి మూల నుంచి 24 అడుగులు, అంటే ఆరంగుళాలు దిగాలి. కమోడ్ కింద వంపు తిరిగి పైపు బయల్దేరే చోటే దాదాపు 14 అంగుళాల లోతు పోతుంది. రెండూ కలిపితే 20. పైపు ఉన్నది 18లో. అంటే మురుగు ఎగువకి ఎక్కాలి, అది ఎక్కదు. స్నానాలగదిని ఇవతలి గోడకి తెస్తే దూరం పదడుగులు, వాలు రెండున్నర అంగుళాలు. పదహారున్నరలో బయటపడ్డారు.

"గొయ్యి తీసి పంపు పెట్టి ఎత్తిపొయ్యొచ్చు. కానీ కరెంటు పోయిన రాత్రి మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని అడిగాడట ప్లంబరు. ఆ ఒక్క ప్రశ్నతో ప్లాను మారిపోయింది.

మంచినీళ్ల పైపుకి ఇలాంటి బాధ లేదు. ఒత్తిడి ఉంటే గోడెక్కి, కప్పు మీదుగా తిరిగి, ఎక్కడ దిగమంటే అక్కడ దిగుతుంది. ఇక్కడ సంపూ లేదు, మిద్దె మీద ట్యాంకూ లేదు. వీధి పైపులోని ఒత్తిడే కుళాయిదాకా తెస్తుంది. మురుగు అలా కాదు. దానికి తెలిసిన దారి ఒక్కటే, కిందికి. కాబట్టి మంచం ఎక్కడ వెయ్యాలో, కిటికీ ఎటు పెట్టాలో కూడా చివరికి ఆ పైపే చెప్పింది. మన ఊళ్లలో గదులు కట్టేశాక ప్లంబర్ని పిలిచి, గోడలకి గాడులు కొట్టించి, ఎక్కడో ఒకచోట కలిపెయ్యమంటాం. వాస్తు ప్రకారం మరుగుదొడ్డి ఏ మూలనుండాలో వందసార్లు అడుగుతాం గానీ, వీధి కాలవ ఎంత లోతులో ఉందని ఒక్కసారీ అడగం.

ప్లంబరుది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. ఇక్కడ ప్లంబింగ్ కాంట్రాక్టరుకి రాష్ట్రం ఇచ్చే సీ-36 లైసెన్సు నంబరు వ్యాను మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. నా ప్రశ్నలకి విసుక్కోలేదు సరికదా, కందకం అంచున కూర్చుని ఒక్కొక్కటే చూపించాడు. కమోడ్ నుంచి వచ్చేది మూడంగుళాల నల్లటి ఏబీఎస్ పైపు, షవర్‌ది రెండంగుళాలు. రెండూ కలిసే చోట వంకర కొమ్మలాంటి 'వై' వేశాడు. టీని వెల్లకిలా పడుకోబెడితే పని తేలికే, కానీ మురుగు ఎదురుగోడకి కొట్టుకుని అక్కడే ఆగుతుంది, ఒప్పుకోరు అన్నాడు.

గరాజ్‌లో వాషింగ్ మెషీన్‌కి ఇదివరకే ఒక మురుగు పైపు ఉంది. "దానికే కలిపేస్తే ఈ తవ్వకమంతా తప్పేది కదా" అన్నాడు బావ. తెలివైన ప్రశ్నే, కానీ అది రెండంగుళాలది. కమోడ్‌కి మూడుకి తగ్గితే పనికిరాదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం నీళ్లూ మురుగూ కాదు, గాలి. షవర్ పైపు దగ్గర్నుంచి ఇంకో పైపు గోడలోపలికి మళ్లి నిటారుగా కప్పు దాటి పోతోంది. అందులో చుక్క నీరు కూడా ప్రవహించదు. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచితే గుటగుటమని ఆగి ఆగి పోస్తుంది, ఎదురుమూల ఇంకో చిల్లు పెడితే ధారగా పడుతుంది చూడండి, ఇదీ అంతే. గాలి దారి లేకపోతే కమోడ్‌లోంచి ఒక్కసారిగా దిగిన నీరు వెనకనున్న గాలిని లాగుతుంది. ఆ లాగుడుకి పక్కనున్న షవర్ ట్రాప్‌లోని నీళ్లు కూడా పోతాయి. ట్రాప్‌లో నిలిచే ఆ రెండు నుంచి నాలుగంగుళాల నీరే వీధి మురుగు కంపుకీ మన ముక్కుకీ మధ్యనున్న తలుపు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చి తాళం తీస్తే గుప్పుమనే వాసనకీ మూలం ఇక్కడే. అక్కడ లాగేసేవాళ్లు ఎవరూ లేకపోయినా నీళ్లు వాటంతటవే ఆవిరైపోతాయి. చెంబుడు నీళ్లు పోస్తే సరి.

సరిగ్గా ఈ ట్రాప్ దగ్గరే మా అక్కకీ ప్లంబరుకీ పేచీ వచ్చిందట. స్నానాలగది మధ్యలో నహాని ట్రాప్ ఉండాలి, బకెట్టుతో నీళ్లు కొట్టి కడగాలి అని అక్క పట్టుదల. ఇక్కడ స్నానాలగది నేల పొడిగానే ఉంటుంది, షవర్ అరలో తప్ప ఇంకెక్కడా జాలారి ఉండదు. విడిగా జాలారి పెడితే, వాడకం లేక అది ఎండిపోకుండా అప్పుడప్పుడు దానంతటదే కాసిని నీళ్లు వదిలే ఏర్పాటు కూడా పెట్టాలన్నాడు ప్లంబరు. చివరికి మధ్యేమార్గం దొరికింది. ఎలాగూ నేల కోశారు కాబట్టి షవర్ భాగాన్ని ఇంకాస్త లోతుగా తీసి, గడప లేకుండా మిగతా నేలతో సమానంగా తెచ్చి, జాలారి వైపు వాలు పెడతారు. కాలెత్తి దాటే పని లేదు, బకెట్టూ మగ్గూ అక్కడే పెట్టుకోవచ్చు. అక్క ఒప్పుకుంది, కానీ హెల్త్ ఫాసెట్ లేకపోతే మాత్రం ఊరుకోనంది. దానికి అభ్యంతరం లేదు. అయితే వాడిన నీరు వెనక్కి మంచినీళ్ల పైపులోకి పీల్చుకుపోకుండా ఒక చిన్న అడ్డు బిగించాలి. ఆ మాట విన్నాక, మన ఇళ్లలో కమోడ్ పక్కన కొక్కేనికి నిశ్చింతగా వేలాడే పైపుల్ని తలుచుకోవడం మానుకున్నాను.

పదకొండు గంటలకి నగరపాలక సంస్థ ఇన్‌స్పెక్టరు వచ్చింది. అప్పటికే పైపుల కొసలన్నిటికీ రబ్బరు బిరడాలు బిగించి, ఒక నిలువు పైపు పదడుగుల ఎత్తు నిలబెట్టి, అంచుదాకా నీళ్లు నింపి ఉంచారు. పావుగంటకి పైనే గడిచినా నీటి మట్టం జారలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండడుగుల రసమట్టం ఒక్కో పైపు మీదా పెట్టి బుడగ చూసింది. కమోడ్ మధ్య నుంచి గోడ వచ్చే చోటికి టేపు పట్టింది. 15 అంగుళాలకి తగ్గకూడదు. ముందు 24 అంగుళాల ఖాళీ చాలు, వాకర్ తిరగాలని వీళ్లు ఇంకా ఎక్కువే వదిలారు. అంతా బాగుందనుకుంటుండగా, పునాది గోడలోంచి పైపు బయటికి పోయే చోట టార్చి వేసి ఆగింది. అక్కడ కాంక్రీటు నేరుగా పైపుని పట్టేస్తోంది. గోడ కదిలితే పైపు విరుగుతుంది, చుట్టూ తొడుగు ఉండాలి. ప్లంబరు వాదించలేదు. వ్యానులోంచి తొడుగు తెచ్చి, ఆమె ఉండగానే బిగించాడు. అప్పుడు కార్డు మీద సంతకం పడింది. ఆ సంతకం లేకుండా కందకంలో పిడికెడు మట్టి కూడా వెయ్యకూడదు.

నాకు నచ్చింది ఈ ఆగడమే. మన మేస్త్రీలకి పనితనం తక్కువేం లేదు. పూడ్చేముందు ఒకరొచ్చి చూసే అలవాటు మనకి లేదు, అంతే. పైపు కారినప్పుడే కింది వాటావాళ్ల సీలింగు మీద తడి మరకలో దాన్ని చూస్తాం. అయితే ఇక్కడి పద్ధతికి ఖర్చూ ఉంది. ఎంతయిందని అడిగితే మేనల్లుడు, "ఇంకేమైనా అడుగు మావయ్యా" అని మాట తప్పించాడు.

ఇంకా తేలనిది వేడినీళ్ల సంగతి. గ్యాస్ హీటరు ఇన్నాళ్లూ గరాజ్ మూలలో గట్టు మీద ఉండేది. కారులోంచి కారే పెట్రోలు ఆవిరి నేల మీదే పాకుతుంది కాబట్టి మంట నేలకి 18 అంగుళాల పైనుండాలని నిబంధన. ఇప్పుడది పడకగది కాబోతోంది, మంట ఉన్న హీటరు అక్కడ పనికిరాదు. బయటి గోడకి ట్యాంకు లేనిది బిగిద్దామని ప్లంబరు, కరెంటుది కొందామని మేనల్లుడు. కరెంటు పోతే చన్నీళ్లే గతి కదరా అని అక్క. నేను బయల్దేరేసరికి ముగ్గురూ ఆ గోడ దగ్గరే ఉన్నారు, ఎవరూ తగ్గలేదు.