పసుపు రంగు ఎవరిది?

మా చెవిటికల్లు కృష్ణ ఒడ్డు పల్లె. హైదరాబాదు రోడ్డు మీద కంచికచర్లలో దిగి లోపలికి రావాలి. మా కుర్రాళ్ళకు తెలిసినవి కబడ్డీ, వాలీబాలు, క్రికెట్టు. ఫుట్‌బాలు పిచ్చి పట్టినవాణ్ణి ఊరంతటికీ నేనొక్కణ్ణే. “ప్రబంధాలు చెప్పుకునే మనిషికి ఈ కాలిబంతి గొడవేమిటండీ?” అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. హైదరాబాదులో ఎం.ఏ. చదివే రోజుల్లో అంటుకున్న జబ్బు అది. డిగ్రీ వచ్చాక కూడా వదల్లేదు.

ఫుట్‌బాలు విషయంలో హైదరాబాదు సామాన్యమైన ఊరు కాదు. సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్సు కప్పు గెలిచింది. 1950లోనే కలకత్తా మోహన్ బగాన్ వంటి జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా పట్టుకుపోయింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వెళ్ళింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. నేనూ పంతులునే గనక ఆ కథంటే నాకు మరికాస్త మమకారం.

తరవాత చాలాకాలానికి, 2019లో, హైదరాబాద్ ఎఫ్.సి. అని కొత్త క్లబ్బు వచ్చింది. మొదటి సంవత్సరం అన్ని జట్లకన్నా అడుగున నిలిచింది. అప్పటికే రాష్ట్రం రెండయి, జగ్గయ్యపేట దాటితే మాకది పరాయి రాష్ట్రమే. అయినా నా మనస్సు ఆ సరిహద్దు దగ్గర ఆగలేదు.

మూడో ఏటికల్లా ఆ జట్టే ఇండియన్ సూపర్ లీగు ఫైనలుకు వచ్చింది. ఎదురు జట్టు కేరళ బ్లాస్టర్స్. 2022 మార్చి 20, ఆదివారం రాత్రి, గోవాలో ఆట. బెజవాడలో రైలెక్కి గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్ళి మీదుగా మడగాం చేరాను. కనుమల్లో బండి సొరంగాలలో దూరి బయటికి వస్తూంటే ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఫుట్‌బాలు గిట్టనివారు కూడా ఆ దారిన ఒకసారి వెళ్ళిరావాలి.

మడగాంలో దిగేసరికి వీధులన్నీ పసుపు! కేరళ అభిమానుల రంగు అది. మా జట్టు రంగూ అదే. లీగు పట్టికలో మావాళ్ళు రెండో స్థానం, వాళ్ళు నాలుగో స్థానం. పైన ఉన్నవారికే హక్కు గనక, బ్లాస్టర్సు పాపం నల్ల చొక్కాలు తొడుక్కున్నారు. పసుపు చొక్కాతో వెళ్ళిన నన్ను చూసి ప్రతి మలయాళీ తనవాడే అనుకుని చెయ్యి కలిపాడు. ఒక కుటుంబమైతే అరటికాయ చిప్సు కూడా పెట్టింది. నేను కాదనలేదు.

కొవిడ్ మూలాన రెండేళ్ళపాటు లీగు ఆటలు ఖాళీ స్టేడియాలలోనే జరిగాయి. ఆ రాత్రి ఫతోర్డా స్టేడియంలోకి జనాన్ని రానిచ్చారు. ఆ హోరు చెప్పనలవి కాదు. హైదరాబాదు వాళ్ళు ఎక్కడో గుప్పెడుమంది. నా పక్కన మనమణ్ణి వెంటబెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు.

68వ నిమిషంలో కేరళ కుర్రవాడు రాహుల్ కె.పి. దూరంనించి కొట్టిన బంతి మా గోల్‌కీపరు కట్టిమణి చేతులకు తగిలి కూడా వలలో పడింది. నా గుండె జారిపోయింది. కట్టిమణి గోవావాడే. 2015లో ఇదే మైదానంలో, ఇదే లీగు ఫైనల్లో, గోవా జట్టు 2-1తో గెలవబోతూంటే చివరి క్షణాలలో ఇతని చేతిమీదుగానే బంతి సొంత గోలులోకి పోయింది. ఆ వెంటనే చెన్నై వాళ్ళు మరొకటి కొట్టి కప్పు తన్నుకుపోయారు. ఒక మనిషికి ఒకే చోట రెండుసార్లా అనిపించింది.

88వ నిమిషంలో మరో గోవా కుర్రవాడు, సబ్‌స్టిట్యూటుగా దిగిన సాహిల్ తవోరా, గాలిలోని బంతిని అలాగే ఒక్క తన్ను తన్నాడు. గోలు! నేను ఎగిరి లేచి అరిచాను. మా వరసలో మరెవరూ లేవలేదు. చిప్సు పెట్టిన కుటుంబం నాకేసి చూసిన చూపు మరిచిపోలేను.

అదనపు సమయంలోనూ తేలక, పెనాల్టీలకు వెళ్ళారు. లెస్కోవిచ్ తన్నినది కట్టిమణి ఆపాడు. నిషూ కుమార్ తన్నినదీ ఆపాడు. కీపరు ముందుగానే గీత దాటాడని రెఫరీ మళ్ళీ తన్నమన్నాడు. అదీ ఆపాడు! జీక్సన్‌దీ ఆపాడు. నర్జారీ గోలు కొట్టడంతో 3-1తో కప్పు మాదయింది. ఏడేళ్ళనాటి బరువు ఆ మైదానంలోనే దించుకున్నాడు కట్టిమణి.

పెద్దాయన మనమడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. 2014, 2016, ఇప్పుడు ఇది. మూడు ఫైనళ్ళూ ఓడిన జట్టు వాళ్ళది. ఆయన నాకు చెయ్యిచ్చి, ఇంగ్లీషులో, “కప్పు మీది, సంతోషం. మీ మనుషులేరీ?” అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు. ఆటగాళ్ళు కప్పు పట్టుకు తిరుగుతూంటే చప్పట్లు కొట్టింది ఎక్కువమంది ఓడినవాళ్ళే.

ఆ ప్రశ్న ఇప్పుడు నన్ను మరీ పట్టి పీడిస్తోంది. తరవాత క్లబ్బు డబ్బు చిక్కుల్లో పడింది; ఆటగాళ్ళు చెదిరిపోయారు; యాజమాన్యం చేతులు మారి, 2025లో జట్టును ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. రహీం గారి ఊరినుంచి కప్పు గెలిచిన జట్టు వెళ్ళిపోతే ఎక్కడా పెద్ద గొడవ జరిగినట్టు నాకు వినపడలేదు. కేరళలో అలా జరుగుతుందా? జట్టును బండెక్కించనిస్తారా?

ఆ ఆట జరిగిన రెండు వారాలకే మా కృష్ణా జిల్లా చీలి, మా ఊరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. పేరు మారింది గాని ఊరు కదల్లేదు. దాన్ని అంటిపెట్టుకుని మనుషులున్నారు. ఏ జట్టుకైనా ఊరంటే అదే. మేము అయిదారు గంటల బస్సు దూరాన ఉండి కూడా గచ్చిబౌలి స్టేడియంకు ఎన్నిసార్లు వెళ్ళామని అడిగితే, చాలామంది అభిమానులం తల వంచుకోవలసిందే. ఆ కుర్రవాడికి ఇప్పుడు మీసాలు వస్తూ ఉంటాయి. వాళ్ళ జట్టు ఎప్పుడో ఒకనాడు గెలిస్తే చూడాలని ఉంది. పసుపు చొక్కా ఇంకా నా బీరువాలోనే ఉంది.