పీకించుకునే ముందు ఒక్క మాట

రూట్ కెనాల్ చేయించుకున్న పన్నే మళ్లీ నొప్పి పెడితే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ఒకటే: "ఇంక దాన్ని పీకించేసుకో." నరం తీసేసిన పన్ను ఎందుకు నొస్తుందని ఎవరూ అడగరు. ఒకసారి పెట్టిన డబ్బు పోయింది, మళ్లీ ఎందుకు పెట్టడం అనుకుంటారు. ఆ పన్ను ఇంట్లో ఆడవాళ్లదైతే ఈ తీర్పు ఇంకా తొందరగా వచ్చేస్తుంది. ఒక్కోసారి ఆ తీర్పు చెప్పేది కూడా ఆ ఆడమనిషే.

మా అత్తమ్మది ఆళ్లగడ్డ. ఏడేళ్ల కిందట పై దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకున్నారు. పైన క్యాప్ వేయించుకోమని డాక్టర్ చెబితే, ఇంట్లో పెళ్లి ఖర్చులున్నాయని "తర్వాత చూద్దాం లే" అన్నారు. ఆ "తర్వాత" రానే లేదు. పోయిన ఏడాది చిగురు మీద చీము పొక్కు లేచింది. జొన్న రొట్టె ఒక పక్కనే నమలసాగారు. అడిగితే, "ఈ వయసులో ఒక పన్ను పోతే ఏమైతాదిమ్మా? ఆ దుడ్లు పాప ఫీజుకన్నా వస్తాయి" అన్నారు.

నేనుండేది నంద్యాలలో. ఆళ్లగడ్డ వెళ్లి ఆమెను బస్సులో తీసుకొచ్చాను. సిరివెళ్ల దాటినా "పీకెయ్యమని చెప్పు" అనే మాటే.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూపించారు. వేళ్లలో తెల్లటి గీతలున్నాయి, అది పాత ఫిల్లింగ్. ఒక వేరు కొస దగ్గర నల్లటి నీడ ఉంది, అక్కడ ఎముకలో ఇన్ఫెక్షన్. పై దవడలో మొదటి పెద్ద పన్నుకు మూడు వేళ్లుంటాయి కానీ, చాలామందికి లోపలి దారులు నాలుగు. ఆ నాలుగోది వెంట్రుకంత సన్నం కాబట్టి దొరక్కుండా పోవచ్చు. క్యాప్ లేక పైనుంచి ఎంగిలి దిగినా లోపల మళ్లీ చెడుతుంది. పంట్లో నరం లేకపోయినా చుట్టూ ఉన్న ఎముకకు నొప్పి తెలుస్తుంది కదా!

దీనికి దారి రీట్రీట్‌మెంట్. అంటే పాత ఫిల్లింగ్ తీసేసి, శుభ్రం చేసి, మళ్లీ నింపడం.

ఆ ఫిల్లింగ్ పేరు గట్టా పెర్చా. మలయా వైపు పెరిగే ఒక చెట్టు పాలతో చేస్తారు. ఆ చెట్టు మన సపోటా, ఇప్ప చెట్ల కుటుంబంలోదే. పచ్చి సపోటా కోస్తే చేతికి అంటుకునే పాలు గుర్తున్నాయా, అలాంటివే. 1850లలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగు కూడా దీనితోనే చేశారు. నీళ్లకు చెడదు, వేడి తగిలితే మెత్తబడుతుంది. పంటిలో పెట్టే పుల్లల్లో దీనికంటే జింక్ ఆక్సైడే ఎక్కువ ఉంటుంది.

వేడికి మెత్తబడే ఆ గుణమే దాన్ని తీయడానికి పనికొస్తుంది. మత్తు ఇచ్చి, పంటి చుట్టూ రబ్బరు షీటు కట్టి, పైభాగాన్ని వేడి మొనతోనో తిరిగే సన్నని ఫైళ్లతోనో తీస్తారు. గట్టిగా ఉంటే ఒకటి రెండు చుక్కల మందు వేసి కరిగిస్తారు. మందు ఎక్కువైతే అది జిగటగా గోడలకు పూసుకుంటుందట. మిగిలిన దాన్ని చేతి ఫైళ్లతో తగిలించి పైకి లాగుతారు. వేరు కొసకు వచ్చేసరికి చెయ్యి నిదానించాలి, పాతది కొస దాటి ఎముకలోకి తోసుకుపోకూడదు. ఏ పద్ధతిలోనూ పూర్తిగా రాదు, గోడలకు కాస్త మిగులుతుంది. అందుకే మధ్యలో ఎక్స్‌రే తీసి చూస్తారు, మందు నీళ్లతో పదేపదే కడుగుతారు.

మొదటిరోజు గంటన్నర పట్టింది. బయటికొచ్చి అత్తమ్మ అన్నమాట: "మా ఊర్లో రాతి బొమ్మలు చెక్కేటోళ్లకు గూడా ఇంత ఓపిక లేదు."

ఆ నాలుగో దారి దొరికింది. లోపల మందు పెట్టి, రెండు వారాల తర్వాత మళ్లీ నింపి, ఈసారి క్యాప్ వేశారు. ఆరు నెలలకు తీసిన ఎక్స్‌రేలో నల్లనీడ బాగా చిన్నదైంది.

అన్ని పళ్లూ ఇలా నిలబడవు. వేరు నిలువునా చీలితే తీసేయక తప్పదు. కానీ ఆ మాట ఎక్స్‌రే చూసిన డాక్టర్ చెప్పాలి, ఇంటి ఖర్చుల లెక్క కాదు. నొప్పి మళ్లీ వస్తే ఈ మూడూ అడగండి: ఏదైనా దారి మిగిలిపోయిందా? వేరు చీలిందా? క్యాప్‌తో కలిపి మొత్తం ఎంతవుతుంది? పీకించాక కట్టుడు పన్నుకయ్యే ఖర్చు కూడా పక్కన పెట్టి చూడండి, అప్పుడు లెక్క మారుతుంది.

పాత ఎక్స్‌రేలు పారేయకండి. రేషన్ కార్డు పక్కనే బీరువాలో పెట్టుకోండి. మన పన్ను కూడా ఇంటి ఆస్తేనమ్మా.