ఓటు ఒక ఊళ్లో, మనిషి ఒక ఊళ్లో

2024 వేసవిలో మా ఇంట్లోని ఐదుగురం ఒకేచోట నిద్రపోయిన రాత్రి ఒక్కటీ లేదు. ఏప్రిల్ 19న మొదలైన లోక్‌సభ పోలింగ్ ఏడు విడతలుగా సాగి జూన్ 1న ముగిసింది. రాజకీయ వార్తలు రాసే మనిషి ఇంట్లో ఎన్నికల వేసవి ఎలా ఉంటుందో మా వాళ్లకు 2014 నుంచీ అలవాటే. అయితే అంతకుముందు తిరిగినదాన్ని నేనొక్కదాన్నే. ఈసారి ఇల్లు ఇల్లంతా తిరిగింది. దాదాపు రెండు వారాలపాటు ఢిల్లీలో మా ఫ్లాటుకు తాళం వేసి, మొక్కలకు నీళ్లు పోయమని పక్కింటివాళ్లను బతిమాలుకోవలసి వచ్చింది.

దీనంతటికీ మూలం మా అత్తగారు. ఆవిడకు అప్పటికి 78 ఏళ్లు. ఓటు తెనాలిలో. అంతకుముందు శీతాకాలం జారిపడి తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి మా దగ్గర ఢిల్లీలో ఉంటున్నారు. ఇంటి దగ్గరే ఓటు వేసే సదుపాయం 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం అంతకు మించి వైకల్యం ఉన్నవారికీ మాత్రమే. ఆ ఇల్లు కూడా ఆ నియోజకవర్గంలోనే ఉండాలి. ఆవిడకు వయసు చాలలేదు, ఊరూ దూరమైంది. చేతికర్రతో నడిచే మనిషిని పదిహేడు వందల కిలోమీటర్లు రైల్లో తీసుకువెళ్లడం అవసరమా అని మా ఆయన కొంత నసిగారు. "1967లో మొదటి ఓటు వేశాను. అప్పటి నుంచి ఒక్కటి మానలేదురా. అక్కడైతే పేరు పెట్టి పిలిచి చీటీ చేతిలో పెడతారు" అని ఆవిడ సూట్‌కేసు సర్దుకున్నారు. పద్దెనిమిదేళ్లుగా ఢిల్లీలో జీతం తీసుకుంటున్న మా ఆయన ఓటు కూడా తెనాలిలోనే ఉంది కనుక ఆయన ఎక్కువ వాదించే స్థితిలో లేరు. సెలవులిచ్చిన మా అబ్బాయి మామ్మకు తోడు అనే హోదాలో బయలుదేరాడు.

మే 13, సోమవారం. నాలుగో విడత. ఆ రోజు మా కుటుంబ పటం గీస్తే ఇలా ఉంటుంది: మా ఆయన, అత్తగారు, అబ్బాయి తెనాలిలో, నేను శ్రీనగర్‌లో, పుణెలో చదువుతున్న అమ్మాయి లోనావళాలో. పుణెలోనూ ఆ రోజే పోలింగ్. అమ్మాయి ఓటు ఢిల్లీలో. హాస్టల్లో ఉండే విద్యార్థులు ఇంటి దగ్గరైనా, చదివే చోటైనా నమోదు చేసుకోవచ్చు. మా అమ్మాయి ఇంటినే ఎంచుకుంది. ఊరంతా ఓటు వేసే రోజున తనకు పనేమీ లేక, ఇద్దరు స్నేహితురాళ్లతో పొద్దున్నే లోకల్ రైలెక్కేసింది. మాకు ఆ సంగతి మధ్యాహ్నం ఫోటో వచ్చాక తెలిసింది. ఆ వేసవిలో ఎవరూ ఎవరినీ అడిగి బయలుదేరలేదు.

శ్రీనగర్‌లో అది 370వ అధికరణం రద్దు తర్వాత జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నిక. సాయంత్రానికి 38 శాతం తేలింది. 2019లో అక్కడ పోలయినది 14 శాతం. విలేకరులమంతా ఆ 38ని పెద్ద అక్షరాల్లో రాసుకున్నాం. అదే రాత్రి ఆంధ్రలో అర్ధరాత్రి దాకా వరుసలు కదులుతున్నాయి. అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి జరిగిన ఆ పోలింగ్ చివరికి 81 శాతం దాటింది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా రాలేదు, 48 శాతం. "మీ దగ్గర 38కి పండగ, ఇక్కడ 80కి కూడా ఇంకా రావాలే అంటున్నారు" అన్నారు మా ఆయన ఫోన్లో. దేశం నలుమూలలా వార్తల కోసం తిరిగే నాకు, ఆ రోజు టీవీల్లో అతిపెద్ద దృశ్యం మా అత్తవారి ఊళ్లోనే దొరికేది. వరుస తప్పిన ఎమ్మెల్యేను ఒక ఓటరు నిలదీయడం, ఎమ్మెల్యే అతణ్ని చెంపమీద కొట్టడం, అతడు తిరిగి కొట్టడం తెనాలిలోనే జరిగాయి. "మా వరుసలోకి ఎమ్మెల్యేలెవరూ రాలేదమ్మాయ్. వచ్చుంటే నా దగ్గర కర్రుంది" అన్నారు అత్తగారు.

హైదరాబాద్‌లోని మా మరిది అనుభవం వేరు. శనివారం సాయంత్రం కూకట్‌పల్లిలో కారెక్కితే, చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ ప్లాజా దాటేసరికి పిల్లలు రెండుసార్లు నిద్రపోయి లేచారట. సంక్రాంతికి తప్ప అంత రద్దీ చూడలేదన్నాడు. అత్తగారి వీధిలో డల్లాస్ నుంచి వచ్చి ఓటు వేసి పోయినవారు ఇద్దరున్నారు. విదేశాల్లో ఉండే పౌరులకు ఓటు హక్కు ఉంది కానీ స్వయంగా వచ్చి వేయాలి. హైదరాబాదీలకు ఓటంటే బద్ధకమని ప్రతి ఎన్నికకూ మన పత్రికలు ఒక సంపాదకీయం అచ్చువేస్తాయి. ఆ బద్ధకస్తులలో కొందరు ఆ పూట విజయవాడ దారిలో టోల్ గేటు దగ్గర ఉన్నారన్న సంగతి కూడా అందులో చేరితే బాగుండును.

ఇక్కడ చట్టం ఏమంటుందో చెప్పాలి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఓటరు ఆ నియోజకవర్గంలో 'సాధారణ నివాసి' అయి ఉండాలి. ఊళ్లో సొంత ఇల్లున్నంత మాత్రాన సాధారణ నివాసి అయిపోరు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ హోదా పోదు. ఈ లెక్కన ఆపరేషన్ కోసం, కోలుకోవడం కోసం వచ్చిన మా అత్తగారు నిక్షేపంగా తెనాలి ఓటరే. పద్దెనిమిదేళ్ల ఢిల్లీవాసి మా ఆయనా, పదిహేనేళ్ల కూకట్‌పల్లివాసి మా మరిదీ ఆ చట్టం ముందు నిలబడితే ఇద్దరి పేర్లూ నిలవవు. ఇది నేను మా ఇంట్లో చాలాసార్లు అన్న మాటే. "సంవత్సరానికి ఒక్కసారైనా ఆ ఊళ్లో నన్ను ఎవరో ఒకరు 'ఎప్పుడొచ్చావు' అని అడుగుతారు. ఢిల్లీలో 'ఏ ఊరు మీది' అని అడుగుతారు" అంటారు మా ఆయన. దీనికి నా దగ్గర చట్టపరమైన జవాబు ఉంది, ఇంకో జవాబు లేదు.

శ్రీనగర్‌లోనే ఈ ప్రశ్నకు మరో కోణం కనిపించింది. మూడు దశాబ్దాల కిందట లోయ వదిలి వెళ్లవలసి వచ్చిన కశ్మీరీ పండిట్ల కోసం జమ్మూ, ఉధంపూర్, ఢిల్లీలలో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలున్నాయి. ఉన్నచోటి నుంచే తమ సొంత నియోజకవర్గానికి ఓటు వేస్తారు. జమ్మూ, ఉధంపూర్‌లలో ఉన్నవారికి ప్రతిసారీ ఎం-ఫారం నింపే బాధను కూడా 2024లో తీసేశారు. మణిపూర్‌లో 2023 హింసకు ఇళ్లు విడిచినవారు సహాయ శిబిరాల్లోనే ఓటు వేశారు. ఇవి సరైన ఏర్పాట్లు. భయం తరిమినవారి వెంట పోలింగ్ కేంద్రం నడిచి వెళ్లగలిగినప్పుడు, ఆకలి తరిమినవారి వెంట ఎందుకు వెళ్లదన్నది నాకు ఆ రోజు నుంచీ తెగని ప్రశ్న. 2022 డిసెంబరు చివర్లో ఎన్నికల సంఘం ఒకే కేంద్రం నుంచి 72 నియోజకవర్గాల ఓట్లు స్వీకరించే యంత్రాన్ని ప్రతిపాదించింది. 2023 జనవరి 16న పార్టీలను పిలిచింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. వలసకూలీ అంటే ఎవరు, దూరపు రాష్ట్రంలో పోలింగ్ ఏజెంట్లను ఎలా పెడతాం, ఎన్నికలు లేని రాష్ట్రంలో ప్రవర్తనా నియమావళి ఎలా అమలవుతుంది అన్నవి వాళ్ల అభ్యంతరాలు. అభ్యంతరాలు న్యాయమైనవే. వాటికి జవాబులు వెదకాలన్న తొందర మాత్రం ఏ పక్షానికీ లేకపోయింది.

శ్రీనగర్ నుంచి ఢిల్లీ వచ్చి, తాళం తీసి, బట్టలు మార్చుకుని బిహార్ వెళ్లాను. మే 20న సీతామఢీ, ముజఫర్‌పూర్ వైపు పోలింగ్. లీచీలు పండే రోజులు. వరుసల్లో అంతా ఆడవాళ్లే అన్నట్టుంది. బిహార్‌లో కొన్ని ఎన్నికలుగా స్త్రీల పోలింగ్ శాతం పురుషులను మించుతోంది. స్త్రీ చైతన్యం అని రాస్తాం, అందులో నిజముంది. మగవాళ్లు ఊళ్లో లేరన్నది కూడా నిజమే. సీతామఢీ దగ్గర ఒక పల్లెలో చంకలో బిడ్డతో నిలబడినావిడను భర్త ఎక్కడ అని అడిగితే హైదరాబాద్ అంది. ఏదో టవర్ల పని, ఏ పేటో తెలియదు. నేను తెలుగుదాన్నని చెప్పేసరికి, ఆయన్ను నేను చూసి ఉంటానేమో అన్నంత ఆశగా నా ముఖంలోకి చూసింది. ఛఠ్ పండక్కు వచ్చి వెళ్లాడు, మళ్లీ ఛఠ్‌కే వస్తాడు. ఓటుకు రాలేదా అంటే నవ్వింది. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రానూపోనూ టికెట్లు, పనికి పోయే వారం పది రోజుల కూలి, తిరిగి వెళ్లేసరికి ఆ పని ఉంటుందో లేదో తెలియని భయం. పోలింగ్ రోజున జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఒక్కరోజు సెలవుతో హైదరాబాద్ నుంచి సీతామఢీ వెళ్లి రావడం ఎలాగో చట్టంలో లేదు. ఆ ఎన్నికలో బిహార్ మొత్తం పోలింగ్ 56 శాతం.

నేను అక్కడ ఉండగానే మా అబ్బాయి నుంచి సముద్రం ఫోటోలు వచ్చాయి. తిరుగు రైలుకు ఇంకా రోజులుండడంతో ముగ్గురూ ఒక ఉదయం లేచి సూర్యలంక వెళ్లారు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత అత్తగారు సముద్రం ముఖం చూడలేదు. మనవడు చేయి పట్టుకుంటే చెప్పులు విడిచి తడి ఇసుక దాకా నడిచారట. ఆ ఫోటోలో ఆవిడ చూపుడువేలిపై సిరా గుర్తు స్పష్టంగా ఉంది. దాన్ని నేనిప్పటికీ ఫోన్లోంచి తీసేయలేదు.

మే 25న ఢిల్లీ పోలింగ్. ముందురోజు అమ్మాయి పుణె నుంచి దిగింది. టికెట్ ఖరారు కాక, స్నేహితురాలి బెర్తులో సగం పంచుకుంటూ వచ్చిందని తర్వాత చెప్పింది. తన మొదటి ఓటు. నిప్పులు కురిసే ఎండలో ఇద్దరం ఒకే వరుసలో నిలబడ్డాం. ఎవరికి వేశావని నేను అడగలేదు, అదీ నన్ను అడగలేదు. తిరిగి వస్తూ "అమ్మా, నువ్వు వారణాసి వెళ్తున్నావుగా, నేనూ రానా?" అంది. రైలు టికెట్లు దొరకవు. ఇద్దరం బస్సులో వెళ్లాం.

వారణాసిలో అది చూసింది ప్రధాని నియోజకవర్గపు హంగామా ఒక్కటే కాదు. ఆ రెండు మూడు రోజుల్లో ఎన్నికల విధులకు వచ్చిన సిబ్బంది ఎండదెబ్బకు ప్రాణాలు వదిలారు. పక్కనున్న మిర్జాపూర్‌లో హోంగార్డులు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఎక్కడో తమ ఊళ్ల నుంచి బయలుదేరి, ఇంకెవరి ఓటుకో కాపలా కాయడానికి వచ్చినవారు వాళ్లు. "వాళ్లు ఓటు వేశారా?" అని అడిగింది అమ్మాయి. విధుల్లో ఉన్నవారికి పోస్టల్ బ్యాలెట్ ఉంటుందని చెప్పాను. "అయితే వేరే ఊళ్లో ఉండి ఓటు వేయడం కుదురుతుందన్నమాట" అంది. పందొమ్మిదేళ్ల పిల్ల తీసిన ఈ తర్కాన్ని నేను టీవీ చర్చల్లో రెండుసార్లు వాడుకున్నాను.

జూన్ 4న ఫలితాలు వచ్చేనాటికి తెనాలి వెళ్లినవాళ్లలో తండ్రీకొడుకులే తిరిగి వచ్చారు. అత్తగారు రాలేదు. తమ్ముడి కూతురు పక్క వీధిలోనే ఉంది, ఆమె చూసుకుంటుంది, నేనిక ఇక్కడే ఉంటాను అన్నారు. ఆవిడ ఓటును ఢిల్లీకి మార్పించడానికి మా ఆయన ఎనిమిదో నంబరు ఫారం తెచ్చిపెట్టారు. ఆవిడ దాన్ని చదవనైనా లేదు.

తర్వాత ఏడాది బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ వచ్చింది. 2025 జూన్‌లో 7.89 కోట్లున్న పేర్లు, ఆగస్టు 1 నాటి ముసాయిదాలో 7.24 కోట్లయ్యాయి. తీసేసిన 65 లక్షల్లో సగానికి పైగా 'శాశ్వతంగా వెళ్లిపోయారు' లేదా 'ఇంటి దగ్గర కనిపించలేదు' అన్న గడిలో పడినవే. చనిపోయినవారి పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు తీసేయడంతో నాకు పేచీ లేదు. జాబితా శుభ్రంగా ఉండాలి. కానీ ఏడాదికి ఒకసారి ఛఠ్‌కు వచ్చే మనిషి జూలైలో ఇంటి దగ్గర కనిపించకపోతే వెళ్లిపోయినట్టా, ఉన్నట్టా? తీసేసిన పేర్లనూ కారణాలనూ బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాల్సి వచ్చింది. ఛఠ్ ముగిసిన వెంటనే పోలింగ్ పెట్టమని పార్టీలు కోరాయి. నవంబరు 6, 11 తేదీల్లో అలాగే జరిగింది. పోలింగ్ దాదాపు 67 శాతానికి చేరి రికార్డు అయింది. తగ్గిన జాబితా, ఊళ్లో ఉన్న మగవాళ్లు, హోరాహోరీ ప్రచారం, వీటిలో దేని వాటా ఎంతో ఎవరి లెక్క వారిది. స్త్రీలు అప్పుడూ పురుషుల కంటే ముందే ఉన్నారు.

సీతామఢీ ఆవిడ భర్త పేరు జాబితాలో ఉందో లేదో నేను కనుక్కోలేకపోయాను. ఆమె పేరు రాసుకున్నాను కానీ ఆయన పేరు అడగలేదు. ఊళ్లో ఓటు వేసేవాళ్ల పేర్లు రాసుకోవడమే కదా మా పని.

ఈ వార్తలన్నీ తెనాలిలో మా అత్తగారు టీవీలో వింటూనే ఉన్నారు. మొన్న శీతాకాలం కొన్నాళ్లు మా దగ్గర ఉండి వెళ్దురు రండి అని ఫోన్ చేస్తే వెంటనే జవాబివ్వలేదు. కాసేపాగి, "మన ఊళ్లోకీ అలా ఇంటింటికీ వస్తారటగా అమ్మాయ్, ఎప్పుడొస్తారు?" అని అడిగారు. తాత్కాలికంగా ఊరు వదిలితే హక్కు పోదత్తయ్యా, చట్టంలో ఉంది అన్నాను.

"ఉంటే ఉందిలే. వాళ్లొచ్చేనాటికి నేను గుమ్మంలో ఉంటాను. మీరే రండి."

మా ఆయన టికెట్లు తీశారు, ముగ్గురికి. నేను అసోంలో ఉంటాను.