ఏ పాట పెద్దది?

క్రిస్మసు పండుగకు కరీంనగరులోని మా ఇంట బంధువులు కూడితే ఒక వాదం తప్పదు: ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు గొప్పవా, సీయోను గీతములు గొప్పవా?

బాపుది కీర్తనల పక్షం. "కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటయి. పురుషోత్తమ చౌదరి గారు 1890ల ప్రభువు దగ్గరికి పోయిండ్రు. పాట మాత్రం పాతబడలే" అంటాడు.

మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసిన మా బావ, భక్తసింగ్ గారి హెబ్రోను సహవాసంలో పెరిగినవాడు. "మామా, రాగం తెలువనోళ్లు సుత రెండుసార్లు వింటే మా గీతం పాడుతరు" అంటాడు.

ఇద్దరి మాటలోనూ నిజమున్నది. కీర్తన నిదానంగా పాడేది; ఒక్కొక్క చరణం మనసును నిలిపి ఆలోచింపజేస్తుంది. గీతం సంఘమంతటినీ ఒకే గొంతుగా చేస్తుంది.

అక్షరం రాని అమ్మకు రెండు పుస్తకాల పాటలూ కంఠతా వచ్చు. ఆమె తీర్పు ఇది: "జరమొచ్చి పండుకున్ననాడు, పుస్తకం లేకుంట ఏది నోటికొస్తదో అదే పెద్ద పాట."

ప్రియ చదువరీ, మన పిల్లలు నేడు ఫోను చూచి పాడుచున్నారు. ఆసుపత్రి మంచం మీద, దీపమార్పిన రాత్రి, వారి నోట ఏ పాట వస్తుంది? మన కుటుంబ ప్రార్థనలో నేర్పినదే వస్తుంది. ఏ పుస్తకంలోనిదైనా సరే, ఈ నెల ఒక్క పాటను వారితో కంఠస్థం చేయించుదము.