చంద్రుడి మీద నూరు మీటర్ల ప్రయాణం

పిల్లలూ! కాశీకో, రామేశ్వరానికో యాత్ర చేసివచ్చినవారు మీ ఇళ్ళల్లో ఉండే ఉంటారు. ఈ నెల మనం అంతకన్నా దూరం పోదాం. చంద్రుడి మీదికి! అక్కడ మనం తిరగబోయే దారి మాత్రం సుమారు నూరు మీటర్లే.

మన బండి బయలుదేరినది ఆంధ్రదేశం నుంచే. 2023 జూలై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి ఆకాశానికి లేచింది. ఆగస్టు 23న విక్రమ్ అనే నౌక చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. దాని కడుపులో నుంచి, వాలుగా వేసిన పలక మీదుగా, ఒక చిన్న బండి కిందికి వచ్చింది. పేరు ప్రజ్ఞాన్. బరువు 26 కిలోలు. చక్రాలు ఆరు. వేగం సెకనుకు ఒక సెంటీమీటరు. మన చీమ దీనిని సునాయాసంగా దాటిపోతుంది!

ఒకసారి చుట్టూ చూడండి. పట్టపగలే, కాని ఆకాశం నల్లగా ఉన్నది. అక్కడ గాలి లేదు గదా! నేలంతా మెత్తని దుమ్ము, రాళ్ళు, గుంటలు. రోడ్డు మాట అటుంచి, కాలిబాట కూడా లేదు. ధ్రువానికి దగ్గర గనుక సూర్యుడు నడినెత్తికి రాడు. ఒక పక్కగా వాలి ఉంటాడు. ఆ ఎండ బండికున్న పలక మీద పడితేనే విద్యుత్తు పుడుతుంది. మరి బండి బోల్తాపడితే? లేవనెత్తటానికి అక్కడ మనిషి లేడు.

నాలుగు కాళ్ళ పీటను ఎగుడుదిగుడు నేల మీద వేసి చూడండి. ఒక కాలు గాలిలో ఉండి టకటక కొట్టుకుంటుంది. నాలుగు చక్రాలను గట్టి చట్రానికి బిగిస్తే బండికీ ఇదే గతి. గాలిలో తేలిన చక్రం బండిని లాగలేదు. మోటారుకార్లలో ఈ చిక్కును స్ప్రింగులు తీరుస్తవి. కాని రాయి ఎక్కిన చక్రం దగ్గర స్ప్రింగు బాగా అణుగుతుంది, అక్కడ బరువు ఎక్కువ పడుతుంది. తక్కిన చక్రాలు తేలికపడి దుమ్ములో జారవచ్చు.

అందుకని ప్రజ్ఞాన్‌కు స్ప్రింగులు పెట్టలేదు. కడ్డీలూ, కీళ్ళూ పెట్టారు. ఒక చిన్న కడ్డీ రెండు కొనలకు రెండు చక్రాలు. ఆ కడ్డీ నడుమను పెద్ద కడ్డీ ఒక కొనకు కీలుతో తగిలించారు. పెద్ద కడ్డీ రెండవ కొనకు మూడవ చక్రం. అవతలి పక్కన కూడా ఇంతే. రెండు పెద్ద కడ్డీలూ త్రాసు దండెలలాగా ఊగుతూ బండి పెట్టెను మోస్తవి. ఒకటి ఎంత పైకి తిరిగితే, పెట్టె దృష్ట్యా రెండవది అంత కిందికి తిరిగేటట్టు వాటిని కలిపారు. దీనిని రాకర్-బోగీ అంటారు.

దీనివల్ల లాభమేమిటి? బల్ల మీద అడుగు స్కేలు ఉంచి, ఒక కొనను 4 సెంటీమీటర్లు లేపండి. నడుమ ఎంత లేచింది? రెండే. ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు చిన్న కడ్డీలో జరిగేది ఇదే. పెద్ద కడ్డీకి వచ్చేసరికి ఆ ఎత్తు ఇంకా తగ్గుతుంది. అవతలి పక్క కదలలేదు గనుక పెట్టె నడుముకు చేరేది అందులోనూ సగమే. ఒక పక్క కడ్డీ 20 డిగ్రీలు వంగితే పెట్టె వంగేది 10 డిగ్రీలే! ఒక చక్రానికి వచ్చిన కష్టాన్ని ఆరూ పంచుకుంటవి. ఆరూ నేలను వదలవు.

1997లో అంగారకుడి మీద తిరిగిన అమెరికావారి సోజర్నర్‌కు ఇలాటి ఏర్పాటే ఉన్నది. 2012లో అక్కడే దిగిన క్యూరియాసిటీ బరువు దాదాపు 900 కిలోలు. దానికీ ఇవే కీళ్ళు.

అయితే కీళ్ళ నేర్పుకు కూడా హద్దు ఉన్నది. ఆగస్టు 27న ప్రజ్ఞాన్‌కు 3 మీటర్ల దూరంలో, 4 మీటర్ల వెడల్పు గుంట ఎదురయింది. ఏ కడ్డీ ఆ గుంటను చదును చేయలేదు. భూమి మీది శాస్త్రజ్ఞులు వెనక్కు మళ్ళమన్నారు. బండి మళ్ళి, వేరే దారి పట్టింది.

అది అక్కడి నేలను పరీక్షించి, గంధకం ఉన్నదని చెప్పింది. చంద్రుడి మీద పగలు మన లెక్కకు 14 రోజులు, రాత్రీ అంతే. సెప్టెంబరు మొదట్లో, రాత్రి కాబోతుండగా, ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చారు. ఆ చలి తరువాత అది మేలుకోలేదు. కాని దాని చక్రాల గాళ్ళు ఇంకా అక్కడే ఉంటవి. వాటిని చెరపటానికి చంద్రుడి మీద గాలీ లేదు, వానా లేదు.